బిగిసిన మర ఎందుకు వదులైంది?

పళ్ళ డాక్టర్ నాగజ్యోతి కుర్చీలో కూర్చోకుండానే సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి బల్ల మీద బోర్లించింది. ఆరు టైటానియం మరలు టకటకా దొర్లాయి. ఒక్కొక్కటి మిరప ముచ్చికంత ఉంది.

"కొత్త పళ్ళు నిలబెట్టడానికి నేను వేసినవి, ఆరుగురి దవడల్లోంచి ఊడిపోయాయండి. తడిసిన మట్టిగోడలోంచి మేకు వచ్చినట్టు వచ్చేశాయి."

బుధవారం మిట్టమధ్యాహ్నం. యార్డుకు వెళ్ళే మిరప లారీల ఘాటు అరండల్‌పేటలోని ఆ చిన్న ఆఫీసు దాకా వచ్చి ఉదయశ్రీ ముక్కును చురచురలాడిస్తోంది. డిటెక్టివ్ జక్రయ్య దగ్గర ఆమె అసిస్టెంటుగా చేరి రెండేళ్ళయింది. పోలీసు ఉద్యోగం వదిలేసి ఈ పనిలోకి దిగిన ఆ యాభై ఏళ్ళ మనిషి ఒకచోట నిలబడి ఆలోచించడం ఆమె ఇంతవరకూ చూడలేదు. ఇప్పుడూ అంతే. కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా, తలుపు నుంచి కిటికీ దాకా తిరుగుతూనే ఉన్నాడు.

"వాళ్ళలో పర్చూరు సుబ్బరావమ్మగారు శుక్రవారం జనాన్ని తీసుకొచ్చి ఆస్పత్రి ముందు కూర్చుంటానన్నారు. దొంగ సరుకు వేశానంటున్నారు. నాకైతే నా చేతి మీదే నమ్మకం పోయింది," అంది నాగజ్యోతి. ఆమె వేళ్ళు పైటకొంగును మెలితిప్పుతూనే ఉన్నాయి.

"వేసిన రోజు వదులుగా ఉన్నాయా?" అడిగాడు జక్రయ్య.

"లేదండీ. మెషీను బిగింపు కొలత చూపిస్తుంది కదా, గట్టిగా బిగిశాయి. నెల తిరిగేసరికి కదలడం మొదలుపెట్టాయి."

"చీము పట్టిందా?"

"చుక్క కూడా లేదు. ఆరూ కింది దవడవే. అదే పెట్టెలోని మరలు పై దవడలో రాళ్ళలా ఉన్నాయి."

జక్రయ్య ఠక్కున ఆగాడు. "అయితే మర నిర్దోషి. అది దిగిన ఇంటి సంగతి చూడాలి. రంధ్రం ఎలా చేస్తారు?"

"సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా వెడల్పు చేస్తాం. చేస్తున్నంతసేపూ సెలైన్ పడుతూనే ఉండాలి. ఎముక నలభై ఏడు డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉంటే చచ్చిపోతుంది. చచ్చిన ఎముక మరను పట్టుకోదు."

"మొదటిరోజు మాత్రం పట్టుకున్నట్టే ఉంటుంది," అన్నాడు జక్రయ్య మెల్లగా.

గంటలో ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడ విచారించాల్సినవాళ్ళు ముగ్గురే. రోజూ వచ్చే నర్సు మదార్‌బీ, జూనియర్ డాక్టర్ త్రినాథ్, నాగజ్యోతికి కాలేజీలో పాఠాలు చెప్పిన మార్కండేయులు మాస్టారు.

"మరలు కొన్నది మీరేనట?" జక్రయ్య గొంతు హాలంతా వినబడింది.

"నేనే. బిల్లులున్నాయి, చూసుకోండి," అన్నాడు త్రినాథ్ మొహం ముడుచుకుని. "వచ్చే నెల నరసరావుపేటలో సొంత క్లినిక్ పెట్టుకుంటున్నా. అందుకని నామీద అనుమానమా?"

మార్కండేయులు అడ్డుపడ్డాడు. "అబ్బాయిని ఏమీ అనకండి. మా నాగజ్యోతిది కాస్త తొందర. మంగళ, శుక్రవారాలు వచ్చి నేను పక్కనే ఉంటాను. పాపం మదార్‌బీకి మోకాళ్ళ నొప్పులు, ఆ రెండు రోజులూ ఆపరేషను ట్రే నేనే సర్దుతాను." టీ కప్పును ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. సాసర్లో పెట్టేటప్పుడు అది గలగలమంది.

డ్రిల్లుల గురించి జక్రయ్య ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. వెళ్ళేముందు మదార్‌బీని పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. ఆపరేషన్ల రిజిస్టరు మాత్రం ఉదయశ్రీ చేతిలో పెట్టాడు.

మర్నాడు ఉదయశ్రీ పర్చూరు బస్సెక్కింది. దారంతా రిజిస్టరు తిరగేస్తూనే ఉంది. ఆరు ఆపరేషన్లూ మంగళవారమో శుక్రవారమో జరిగినవే. మిగతా రోజుల్లో కింది దవడకు వేసిన తొమ్మిదీ చెక్కుచెదరలేదు. అర్థమైనట్టే ఉంది, అంతలోనే జారిపోతోంది.

సుబ్బరావమ్మ కల్లంలో మిరపకాయలు తిరగబోస్తోంది. అరవై ఏళ్ళుంటాయి. చెంప ఒకవైపు లోపలికి పోయింది. తొలిచేటప్పుడు నీళ్ళు పడ్డాయా అని ఉదయశ్రీ అడిగింది.

"నీళ్ళా? నోరు నిండి గొంతులోకి పోయినయ్యమ్మా! అయినా ఎంతసేపు తొలిచారనుకున్నావు? నా నోట్లో బోరేమన్నా వేస్తున్నారా తల్లీ అనుకున్నా. ఒకటే కమురు వాసన, మేక తలకాయ కాల్చినట్టు. ఆ పెద్దాయనేమో, 'ఎముక గట్టిదమ్మా, ఓపిగ్గా నొక్కు' అని డాక్టరమ్మకు చెబుతూ ఉన్నాడు."

ఉదయశ్రీ అక్కడినుంచే ఫోన్ చేసింది. అంతా విని జక్రయ్య ఒక్కమాటే అన్నాడు. "రేపు ఆవిణ్ణి తీసుకురా. వచ్చేటప్పుడు మాంసం కొట్లో ఒక గట్టి ఎముక కొను."

శుక్రవారం పదింటికి ఆపరేషను ఉందని నాగజ్యోతి చేత ముందే చెప్పించాడు. నిజానికి పేషెంటెవరూ లేరు. గదిలోకి సుబ్బరావమ్మ, త్రినాథ్, మదార్‌బీ, మార్కండేయులు వచ్చారు. ట్రే సిద్ధంగా ఉంది.

"డాక్టరుగారూ, ట్రేలో ఉన్న డ్రిల్లుతో ఈ ఎముకను తొలవండి. సెలైన్ ఆపొద్దు."

డ్రిల్లు గుయ్యిమంది. నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అయినా నిమిషం గడిచేసరికి గదంతా కమురు కొట్టింది. రంధ్రం అంచు గోధుమరంగుకు తిరిగింది.

"ఇదే వాసన!" సుబ్బరావమ్మ లేచి నిలబడింది.

అప్పుడు జక్రయ్య మాస్టారి బ్యాగు తెరవమన్నాడు. ఆయన కదల్లేదు. మదార్‌బీయే తెరిచి ఒక సీలు కవరు బయటికి తీసింది. దాని మూలన గోళ్ళరంగు చుక్క ఉంది.

"మీరు చెప్పినట్టే ఈ చుక్క నిన్న నేను పెట్టిందే సార్. మన ఆస్పత్రి డ్రిల్లుల కవరు ఇది. ట్రేలో ఉన్నదానికి చుక్క లేదు."

ఆ కవరులోని డ్రిల్లుతో నాగజ్యోతి రెండో రంధ్రం చేసింది. పది సెకన్లు పట్టలేదు. కొబ్బరి కోరులాంటి తెల్లటి పొడి రాలింది. వాసన లేదు.

"మొద్దుబారిన డ్రిల్లు కొయ్యదు, రాపాడుతుంది," అన్నాడు జక్రయ్య. "రాపిడి వేడి లోపలి ఎముకను చంపేస్తుంది, పైన పడే నీళ్ళు అంత లోతుకు అందవు. పై దవడ మెత్తన కాబట్టి తప్పించుకుంది. సరుకు దొంగదైతే పై దవడలోనూ ఊడాలి. మదార్‌బీగానీ త్రినాథ్ గానీ చేసి ఉంటే అన్ని రోజులూ ఊడాలి. ఆ రెండు రోజులే వచ్చి, తన చేత్తో ట్రే సర్దేది ఒక్కరే. చీము ఎందుకు పట్టలేదో తెలుసా? అరిగిన డ్రిల్లుల్ని కూడా ఆయన శుద్ధి చేసి, సీలు వేసి తెచ్చేవాడు. డాక్టరు అలవాటు పోదు."

నాగజ్యోతి తెల్లబోయి చూసింది. "ఎందుకు మాస్టారూ?"

మార్కండేయులు చేతులు వణుకుతున్నాయి. ఈసారి దాచుకోలేదు. "నిరుడు ఇదే గదిలో, అందరి ముందూ నా చేతిలోంచి డ్రిల్లు తిప్పే హ్యాండ్‌పీస్ లాక్కున్నావు. 'ఇక విశ్రాంతి తీసుకోండి' అన్నావు. నలభై ఏళ్ళు చేసిన చెయ్యమ్మా ఇది. చెయ్యి పట్టు తప్పడమంటే ఏమిటో నీకూ తెలియాలనుకున్నాను."

"ఆ రోజు మీ చెయ్యి దవడలోని నరం మీదికి జారిపోబోయింది మాస్టారూ. మీ పేరు పోకూడదనే లాక్కున్నాను."

సుబ్బరావమ్మ ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మీ ఇద్దరి మధ్యా ఏముందో నాకు తెలవదయ్యా. నా ఎముక నిన్నేం చేసింది?"

 

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. ఆరుగురికీ చచ్చిన ఎముకను తొలగించి, కొత్తది ఊరాక మళ్ళీ తనే మరలు వేస్తానని నాగజ్యోతి కాగితం మీద రాసిచ్చింది. సుబ్బరావమ్మ చదివించుకుని వింది. "ఎన్ని నెలలైనా సరే, ఆయన మాత్రం పక్కన ఉండకూడదు," అని వేలిముద్ర వేసింది.

మెట్లు దిగుతూ మార్కండేయులు తూలాడు. నాగజ్యోతి చెయ్యి దానంతటదే ముందుకు సాగి, సగంలో ఆగిపోయింది. మదార్‌బీ తన నొప్పుల మోకాళ్ళతోనే రెండు మెట్లు దిగి ఆయన మోచెయ్యి పట్టుకుంది. జీపు దాకా నడిపించింది.