ఒక్క వరుస పూలు

"పూలేవీ?"

పికప్ దిగగానే ఇల్డా అడిగిన మొదటి మాట అది. పలకరింపూ లేదు, పాడూ లేదు.

కర్టిస్ గర్వంగా తోటవైపు చెయ్యి చూపించాడు. లోడై ఊళ్ళో తాతలనాటి ద్రాక్షతోట అది. నిన్నంతా ట్రాక్టర్ దిగకుండా దున్ని, వరుసల మధ్య ఒక్క గడ్డిపరక కూడా లేకుండా చేశాడు. రోడ్డవతలి తోటవాళ్ళమ్మాయి ఇల్డా, ద్రాక్ష రైతుల సంఘం తరఫున తోట చూడ్డానికి వస్తోందంటే మాటలా మరి!

"ఎంత శుభ్రంగా ఉందో చూశారా?"

"శుభ్రమా? తోటకి గుండు కొట్టించారండీ!" ఇల్డా తల పట్టుకుంది. "వరుసల మధ్య ఆ పూలగడ్డి విత్తనాలు చల్లించింది మేమే కదా! నేల కొట్టుకుపోకుండా, తేనెటీగలు వాలేలా, ఏప్రిల్ దాకా పూలు ఉంచమన్నాం. మీటింగులో మీరు ముందు వరుసలోనే కూర్చున్నారు!"

కూర్చున్నమాట నిజమే. విన్నదెవరు? ఆ గంటలో ఆమె జుట్టు ఎన్నిసార్లు చెవి వెనక్కి తోసుకుందో అడిగితే మాత్రం ఠక్కున చెబుతాడు. పదకొండు.

వరండాలోంచి నానమ్మ ఓపల్ అందుకుంది. "నేను మొత్తుకుంటూనే ఉన్నానమ్మా, ఆ పిల్ల చెప్పింది వినరా అని. వింటేగా, మొద్దు వెధవ!"

కర్టిస్ టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. పాసైన తోటల గేటుకి సంఘంవాళ్ళు తగిలించే పచ్చబోర్డు దక్కకపోతే పోయింది, ఈ అమ్మాయి కళ్ళకి జీవితాంతం మొద్దులా మిగిలిపోతే ఎలా?

మిగతా తోట చూద్దామని ఇద్దరూ ఇల్డా పికప్‌లోనే బయల్దేరారు. సగం దూరం వెళ్ళారో లేదో వాన దంచేసింది. దున్నిన నేల క్షణాల్లో బురదైంది. చక్రం దిగబడింది.

"గడ్డి ఉండుంటే దిగబడేది కాదు," అంది ఇల్డా, మహా తియ్యగా.

"తెలిసొచ్చిందండీ," అంటూ కర్టిస్ దిగి తోశాడు. చక్రం గిర్రున తిరిగి, బండి కదల్లేదు గానీ బురదంతా అతని మీదే పడింది. తిరిగొచ్చి కూర్చున్నవాడిని చూసి ఇల్డా కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

వాన తగ్గేదాకా పనైనా చేద్దామని కర్టిస్ నింపిన మార్కుల పుస్తకం తెరిచింది. సంఘంలో ప్రతి రైతూ తన తోటకి తానే ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులేసుకుని, తక్కువొచ్చిన చోట ఏం చేస్తాడో రాయాలి.

"నీళ్ళకి నాలుగు. నేలకీ నాలుగే! ఎంత ధైర్యం! అరె, ఇరుగుపొరుగుతో సంబంధాలకి ఒకటేనా?"

ఆ మార్కు పక్కన కర్టిస్ పెన్సిల్‌తో రాసుకుని చెరపడం మర్చిపోయిన ముక్క ఒకటుంది. లాక్కోబోయేలోపే ఆమె పైకి చదివేసింది.

"'ఇల్డాని భోజనానికి పిలవాలి. ధైర్యం చాలడం లేదు.'"

"ఎందుకు పిలవలేదు?" మెల్లగా అడిగింది.

"మీరు పాస్ చేసే మనిషి. మార్కుల కోసం కాకా పడుతున్నాననుకుంటారని."

"పాస్ చేసేది నేను కాదు మహానుభావా! దానికి మే నెలలో బయటినుంచి వేరే ఆయన వస్తాడు. మేం సాయం చేస్తాం, అంతే. అదీ మీటింగులోనే చెప్పాను!"

ఇంతలో వైపర్ అద్దం తుడిచింది. తోట చివర ఒకే ఒక్క వరుస, నిండా ఊదాపూలతో వానలో ఊగుతోంది.

"అదెందుకు వదిలేశారు? డీజిల్ అయిపోయిందా?"

"మొన్న అక్కడ ఆగి, ఈ పూలంటే ఇష్టమన్నారు. దున్నడానికి చేతులాడలేదు." కర్టిస్ ఇక దాచుకోలేకపోయాడు. "మీరంటే నాకు చాలా ఇష్టం ఇల్డా. ఆ మీటింగులకి వచ్చేదే మీ కోసం."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. పెన్సిల్ అందుకుంది.

"ఒక రూలు చెప్తాను, ఇదైనా విను. తేదీ లేని ప్లాను చెల్లదు."

అతను రాసిన వాక్యం పక్కనే రాసింది: 'ఈ ఆదివారం, మధ్యాహ్నం పన్నెండున్నర.'

"మరి మార్కు?" అన్నాడు, ముఖమంతా బురదా నవ్వూ.

"ప్రస్తుతానికి ఒకటే. భోజనం అయ్యాక చూద్దాం."

ఫోన్ మోగింది. నానమ్మ.

"ఒరేయ్, బండి దిగబడ్డట్టుంది. ఇల్డా వాళ్ళ నాన్నని ట్రాక్టర్ తెమ్మననా?"

"ఇప్పుడే వద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.