ఉన్న చోటంతా

మా మనవరాలి పనిగదిలో ఆ మధ్యాహ్నం వాన చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. వేడెక్కిన దుమ్ము వాసన. బల్ల కింద మూత విప్పిన లినక్స్ కంప్యూటరు, బల్ల మీద అప్పుడే అట్టపెట్టెలోంచి తీసిన కొత్త డిస్కు.

ఆ పని ఏమిటో చెబుతాను, నిదానంగా వినండి. లోపల డిస్కులు ఎన్ని ఉన్నా కంప్యూటరు కంటికి అవన్నీ కలిసి ఒకటే పెద్ద గది. మధ్య గోడలు కనబడవు. ఒక డిస్కు పాడవుతుంటే, అందులోని సామానంతా కొత్తదానిలోకి జరిపి, ఆ తరువాతే పాతదాన్ని ఊడదీయాలి. పోయిన మావారి గొంతు రికార్డయి ఉన్నది ఆ పాడవుతున్నదాని మీదే. రేడియో ఎలా విప్పాలో మనవరాలికి చెప్పి, చివర్లో దగ్గి, "ఇక చాలు, ఆపెయ్" అంటారు. ఆయన గొంతు నాకు మిగిలింది అంతే.

జరపడం అయింది. పాత డిస్కు ఊడి చేతికొచ్చింది.

"గండం గడిచింది అమ్మమ్మా! కొత్తది పెద్దది కదా, బోలెడు చోటు మిగిలింది. గదిని కాస్త పెంచి, కొంత ఖాళీ వదిలేస్తా. ఎప్పుడూ అలాగే చేస్తాం."

"ఖాళీ ఎందుకే, అద్దెకిస్తావా? ఉన్న చోటంతా మీ తాతయ్యకే ఇచ్చెయ్. ఇరుకంటే ఆయనకి చిరాకు."

నవ్వుతూ ఇచ్చేసింది.

అంతా సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని ఆయన మాటలు పెట్టింది. రేడియో సంగతి. దగ్గు. "ఇక చాలు, ఆపెయ్."

ఆగలేదు.

ఊపిరి... ఎవరో నెమ్మదిగా నడుస్తున్న చప్పుడు... సామాను లేని పెద్ద గదిలో నడిచినట్టు. తెర మీద రికార్డు నిడివి పెరుగుతూ పోతోంది.

"ఇదివరకు ఇది లేదు కదే?" గుసగుసగా అడిగాను.

"లేదు..."

అప్పుడు మావారి గొంతు. "చాలా చోటుంది... ఒక్కణ్ణే ఉన్నాను."

మనవరాలు ప్లగ్గు లాగేసింది. తెర ఆరిపోయింది. నడక ఆగలేదు.

మనవరాలు నా వైపు తిరిగి ఏదో చెప్పబోయింది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. రెండు చేతులతో గొంతు పట్టుకుంది.

స్పీకర్లోంచి దాని మాట వినబడింది. "వచ్చాను తాతయ్యా."

"మీ అమ్మమ్మేదీ?"

నేను నోరు గట్టిగా మూసుకున్నాను. పళ్ళు బిగించాను. మనవరాలు వద్దు వద్దని తల ఊపుతోంది.

స్పీకర్లో ఇంకెవరివో అడుగులు మొదలయ్యాయి... కాలు కొంచెం ఈడుస్తూ...

"ఇదిగో, వస్తున్నానండీ."

అది నా గొంతు.