దక్కుతుందట

మరచేతులతో కడుపు కోస్తే పైకి చిన్న చిన్న కన్నాలే తప్ప గాటు కనబడదనీ, లోపల ఏది ఉంచారో ఏది పట్టుకుపోయారో పడుకున్నవాడికి తెలియనే తెలియదనీ ఎదురింటి కుట్టుమిషను ఆవిడ చెప్పింది. ఆవిడేం కళ్లారా చూడలేదు. ఆవిడ తోడికోడలి చెల్లెలు ఆసుపత్రి పక్క వీధిలో ఉంటుంది, ఆమెతో ఎవరో అన్నారట. డాక్టరు రోగిని ముట్టనైనా ముట్టడట. గదిలో ఓ మూల కూర్చుని డబ్బాలో తల దూర్చుకుంటాడట. "మీ ఆయన్ని కనిపెట్టుకుని ఉండు వదినా" అని, కుట్టుకూలి మాట చెప్పినంత తాపీగా చెప్పి వెళ్లిపోయింది.

అత్తగారి చేతిలో టీ చల్లారిపోయింది.

ఆవిడ భర్త నిన్నమొన్నటిదాకా క్రేను నడిపిన మనిషి. నడుం నొప్పని వెళ్తే ఎడమ కిడ్నీలో గడ్డ ఉందన్నారు. ఆ రోజు నుంచీ ఇంట్లో పెత్తనమంతా కోడలిదే. కళ్లజోళ్ల దుకాణానికి సెలవు పెట్టి మరీ మామగారిని స్కానింగులకు తిప్పింది. ఈ ఆసుపత్రి, ఈ డాక్టరు, ఆపరేషను చేసే ఈ రోబో మర, అన్నీ ఆమె ఏరి తెచ్చినవే. కొడుకు మాత్రం పెళ్లాం ఏమంటే దానికల్లా తలూపుతున్నాడు. సొంత కొడుక్కి లేని ఆత్రం కోడలికెందుకు? ఆ ప్రశ్న అత్తగారి మనసులో చాలా రోజులుగా మెసలుతూనే ఉంది. ఇవాళ దానికి కాళ్లూ చేతులూ వచ్చాయి.

మధ్యాహ్నం ఉతికిన బట్టలు తీసుకుని మేడ ఎక్కింది. నీళ్ల ట్యాంకు వెనక కోడలు ఫోన్లో మాట్లాడుతోంది.

"మరతో చేస్తేనే కిడ్నీ దక్కుతుందట అన్నయ్యా. మామూలుగా కోస్తే దక్కేది అనుమానమేనన్నాడు డాక్టరు. నువ్వు దిగులు పడకు. అత్తయ్యకేం తెలీదు."

తడిబట్టలు గుండెకు హత్తుకుని అత్తగారు వచ్చినదారినే మెట్లు దిగింది. ఆ అన్న బోర్డులు రాసే పెయింటరు. రెండు కిడ్నీలూ పోయి, రోజు విడిచి రోజు మర దగ్గర రక్తం కడిగించుకుంటున్నాడు. వాడికి కిడ్నీ కావాలి. తన భర్తదీ వాడిదీ ఒకే గ్రూపు రక్తమని ఎప్పుడో కోడలే నవ్వుతూ అంది. కన్నాల్లోంచి తీస్తే గాటుండదు. అత్తయ్యకేం తెలీదు!

ఆ సాయంత్రం కూరలు తరుగుతూ మాట వదిలింది.

"ఏమ్మా, మీ మామయ్య కిడ్నీ ఎక్కడికీ పోదు కదా?"

"ఎక్కడికి పోతుందత్తయ్యా, మనింట్లోనే ఉంటుంది" అని నవ్వింది కోడలు.

ఏ ఇల్లు మనిల్లు? పుట్టిల్లా, మెట్టిల్లా? అత్తగారి కత్తి కూరముక్కను వదిలి పలక మీద టకటకలాడింది.

భర్త ఒంటరిగా దొరకగానే చెవి పట్టుకున్నంత పని చేసింది. "చేత్తోనే కోయించుకోండి. నిలువునా కోసినా సరే. కిడ్నీ మొత్తం తీసి నా కళ్లముందు పెట్టమనండి. రెండోది ఉందిగా!"

రెండోది అనేసరికి ఆయన చూపు గోడ మీదికి పోయింది. "అయినా చేతులు పెట్టకుండా కోత ఏమిటి?" అని ఆవిడ నిలదీస్తే మాత్రం నవ్వాడు. "ఇన్నేళ్లు ఇనుప దూలాలు దించాను కదే. ఒక్కదాన్నైనా చేత్తో ముట్టుకున్నానా? క్యాబిన్లో కూర్చుని పిడి తిప్పితే కొక్కెం నేను చెప్పినట్టు కదిలేది. డాక్టరూ అంతే. మర తనంతట తాను ఏం చెయ్యదు."

"దూలాలకి ప్రాణం లేదు" అందావిడ.

ఆసుపత్రిలో చేరాల్సిన రోజు పొద్దున్నే ముందు తలుపుకు లోపలి నుంచి తాళం పడింది. తాళంచెవి అత్తగారి బొడ్లో ఉంది. అత్తగారు ఆసుపత్రి సంచీ మీద కూర్చుని ఉంది.

"తాళం తియ్యమ్మా, టాక్సీ వచ్చింది" అన్నాడు కొడుకు.

"తియ్యను. మీ నాన్న కిడ్నీ ఎవరికి దక్కుతుందో తేలాక తీస్తాను."

"ఎవరికి దక్కడమేంటి?"

"నీ పెళ్లాన్నడుగు. మేడ మీద వాళ్లన్నతో బేరం కుదుర్చుకుంది. మరతో చేస్తే దక్కుతుందటగా! మీ నాన్నని కోసి వాళ్లన్నకి పెడుతుంటే నువ్వు సంచీ మొయ్యడానికి తయారయ్యావు."

కోడలి ముఖంలో రంగు పోయింది.

"దక్కడమంటే మామయ్యకి దక్కడం అత్తయ్యా. పాడైపోకుండా మిగలడం."

"మిగలకపోతేనేం? రెండోది ఉంది!"

"లేదమ్మా" అన్నాడు కొడుకు. "ఉన్నా లేనట్టే. పుట్టినప్పటి నుంచీ అది ఎదగలేదట. స్కానింగులో తెలిసింది."

అత్తగారు భర్త వైపు తిరిగింది. ఆయన చొక్కా గుండీ సర్దుకుంటూ, "నేనే చెప్పొద్దన్నాను. నువ్వు అన్నం మానేస్తావని" అన్నాడు.

"గడ్డ వరకే కోసి తీసి, మిగిలింది కుట్టేయాలి" అన్నాడు కొడుకు. "అది ఇరుకు చోట ఉంది. అక్కడ మరచేతులు తిరిగినట్టు తన చేతులు తిరగవని డాక్టరే చెప్పాడు. మొత్తం తీసేస్తే నాన్న కూడా..."

"మా అన్నయ్యలా అయిపోతారు" అంది కోడలు. "ఈ డాక్టర్ని వెతికిపెట్టింది అన్నయ్యే. నాకెలాగూ పోయింది, మామయ్యది పోనివ్వకు అన్నాడు. రెండోదాని సంగతి మొదటే మీకు చెప్పమన్నాడు కూడా. మామయ్య మాట కాదనలేకపోయాను."

"గడ్డున్న కిడ్నీ ఎవడు ఎత్తుకుపోతాడే పిచ్చిదానా?" అన్నాడు ఆయన.

ఎవరికీ నవ్వు రాలేదు. అత్తగారు తాళం తీయబోయింది. తాళంచెవి చేతిలోంచి జారిపడింది. కోడలే వంగి తీసి, తలుపు తెరిచింది.

అనుమానం మాత్రం తాళంతో పాటు ఊడిపడలేదు. ఆపరేషను గది బయట కూర్చున్నంతసేపూ, లోపలి నుంచి వచ్చిన ప్రతి ట్రే మీదా, ప్రతి డబ్బా మీదా అత్తగారి కన్ను పడుతూనే ఉంది. ఓ నర్సు చేతిలోని మూత గిన్నె వెంట వరండా చివరిదాకా నడిచి, అది ఖాళీ గిన్నేనని తెలుసుకుని తిరిగొచ్చింది. కోడలు అంతా చూసింది. పక్కకి జరిగి చోటిచ్చింది.

చివరికి డాక్టరు బయటికి వచ్చాడు. "గడ్డ మొత్తం వచ్చేసిందమ్మా. కిడ్నీ దక్కింది."

"ఎవరికి?" అనేసింది అత్తగారు.

డాక్టరు తెల్లబోయాడు. "ఎవరికేంటమ్మా? మీ ఆయనకే!"

అంతే, ఆవిడ బెంచీ మీద కూలబడి పైట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే కోడలి చెయ్యి వెతికి పట్టుకుంది. కోడలు వదిలించుకోలేదు. రెండో చేత్తో అన్నకి ఫోను కలుపుతోంది.

"నేనూ ఓ మాట మాట్లాడతానే" అంది అత్తగారు ముక్కు తుడుచుకుంటూ. "ఎలా ఉన్నాడు మీ అన్న?"

కోడలి వేలు ఫోను మీద ఆగింది.

"అన్నయ్య జబ్బు పడ్డాక ఆ మాట మీరు అడగడం ఇదే మొదటిసారి అత్తయ్యా."