కొక్కెం వెయ్యని బస్తాలు

జంషెడ్‌పూర్ పక్కన గమ్హరియా గోదాంలో సౌరభ్ మహతో మంగళవారం చనిపోయాడు. విత్తనాలు తనిఖీ చేసే అధికారి. పేర్చిన బస్తాలు మీద కూలాయి. పేపర్లు ప్రమాదమని రాశాయి. ఢిల్లీలో నిఘా విభాగం చీఫ్ నారాయణమూర్తి ఆ వార్త రెండుసార్లు చదివి, తన ఏజెంట్ నరసింహానికి ఫోన్ చేశాడు.

"బస్తాలు వాటంతటవి కూలవు. నువ్వు పుట్టింది జంషెడ్‌పూర్‌లోనే కదా?"

"టాటానగర్ రైల్వే క్వార్టర్స్‌లో సార్. నాన్న వ్యాగన్ ఫిట్టర్."

"అయితే విను. ఆపరేషన్ గోరా. గోరా అంటే వాన తగ్గినా మెట్టలో పండే కొత్త వరి. రిసెర్చ్ స్టేషన్‌లో ఉన్న నిల్వ మార్చిలో తగలబడింది. మిగిలిన విత్తనమంతా ఆ గోదాంలోనే ఉంది. వచ్చే వారం రైతులకు పంచాలి. ఆర్కిడ్ అనే విదేశీ ముఠా దాన్ని ఎత్తుకుపోయి, ఆ స్థానంలో డ్రయర్‌లో మాడ్చిన గింజ పెట్టాలని చూస్తోంది. కంటికి తేడా తెలియదు. చల్లితే మొలవదు. రైతుకు ఈ ఏడు తిండి పోతుంది. పై ఏటి నుంచి ఏటేటా వాళ్ల దగ్గరే విత్తనం కొనుక్కోవాలి."

"లోపల మనవాళ్లు ఉన్నారా?"

"కుసుమ. సీడ్ సైంటిస్ట్. ఆర్కిడ్ జీతం ఇస్తుంది, మనమూ ఇస్తాం."

"ఎవరిది ఎక్కువ సార్?"

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

జంషెడ్‌పూర్ కద్మా పేటలో తన ఇంటి గేటు దగ్గర కుసుమ కనిపించింది. టస్సర్ చీర, నల్ల కళ్లజోడు. దారిన పోయేవాళ్లు తిరిగి చూస్తున్నారు.

"ఇక్కడ మామిడిపళ్లు దొరుకుతాయా?" అన్నాడు నరసింహం.

"ఈ ఏడు పూత రాలిపోయింది," అంది. కోడ్ సరిపోయింది.

లోపలికి వెళ్లాక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గుప్పెడు వడ్లు తీసి అతని చేతిలో పోసింది. నరసింహం ఖైనీ డబ్బా తెరిచాడు. అందులో ఉన్నది ఖైనీ కాదు, డిపార్ట్‌మెంట్ ల్యాబ్ ఇచ్చిన ద్రావణం. గింజను చీల్చి అందులో వేస్తే, బతికున్న మొలక ఎర్రబడుతుంది. చచ్చినది తెల్లగానే ఉంటుంది. రెండు చీల్చి వేస్తే కాసేపటికి ఎర్రబడ్డాయి.

"గోదాంలోవే. ఇంకా మార్చలేదు," అంది కుసుమ. "ఆర్కిడ్ మనిషి డెనిస్ ఇవాళ పార్సిల్ ట్రైన్‌లో హల్దియా పోర్టుకు పంపేది దాణా. దాని జోలికి వెళితే జాగ్రత్తపడతాడు. వదిలెయ్యండి నరసింహం గారూ."

శాంపిల్ ఎప్పుడూ తన చేత్తోనే తీసుకోవాలన్నది అతని నియమం. ఇవాళ ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. అది వీధి చివరికి వెళ్లాక గుర్తొచ్చింది. ఆటోని గమ్హరియా వైపు కాకుండా స్టేషన్ వైపు తిప్పమన్నాడు.

మధ్యాహ్నం టాటానగర్ గూడ్స్‌షెడ్‌లో లుంగీ, తలగుడ్డతో హమాలీల్లో కలిశాడు. మేస్త్రీ పోలరాజు అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఏటి బావూ, కొత్తోడివా? ఏ ఊరు మీది?"

"టెక్కలి కాడ మావా."

"సరే, బండికి సివరున్న ఆ పార్సిల్ వ్యాన్‌కి మొయ్యి. కొక్కెం బయటికి తియ్యకు."

"దాణాకి కొక్కెం ఎయ్యకపోతే ఎలాగ?"

"ఏటో! ఇన్నాళ్లూ దాణా మోత్తన్నాం, ఎప్పుడూ నేదీ మర్యాద. కల్లజోడమ్మగారొచ్చి మరీ సెప్పింది. బస్తాకి కన్నం పడకూడదంట. పసిపిల్లని దింపినట్టు దింపాలంట. గేదెలకి పెల్లేటి?"

హమాలీలు నవ్వారు. బండి కదిలిపోతుందని పార్సిల్ క్లర్క్ అటునుంచి అరిచాడు. "జల్దీ కరో! గాడీ ఛూటేగీ!"

నరసింహం నవ్వలేదు. దాణా బస్తాకు కొక్కెం వేస్తే ఎవరికీ నష్టం లేదు. విత్తనంలో దిగితే మొలక చితుకుతుంది, కన్నంలోంచి తేమ చేరుతుంది. కొక్కెం వద్దనేది విత్తనం మనిషే.

వ్యాన్ వెనక్కి వెళ్లి ఒక బస్తా కుట్టు సందులోంచి నాలుగు గింజలు లాగాడు. చీల్చి డబ్బాలో వేసి నిలబడ్డాడు. ఎర్రబడ్డాయి.

"నేను చెప్పింది వినలేదన్నమాట," అంది వెనక నుంచి కుసుమ. ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

"కొక్కెం సంగతి మాట్లాడకుండా ఉంటే నాకు తెలిసేది కాదు."

"ఆ వరి నేను తయారుచేసింది. అమ్మగలిగాను. పొడుస్తుంటే చూడలేకపోయాను."

"సౌరభ్?"

"బస్తాలు డెనిస్ తోశాడు. తలుపు నేను మూశాను."

ఇంజన్ కూత వేసింది. చివరి వ్యాన్ కదిలింది. నరసింహం ఆమెకు వీపు తిప్పి పట్టాల మీదికి దూకాడు. వ్యాన్ వెనక బ్రేక్ గొట్టం వేలాడుతోంది. దాని పైనున్న పిడి తిప్పితే గాలి పోతుంది, గాలి పోతే బండి ఆగుతుంది. తండ్రి నేర్పిన సంగతి. పరిగెత్తి పిడి అందుకున్నాడు. మొదటిసారి జారింది. తూటా ఎక్కడ తగులుతుందో అనుకుంటూ రెండోసారి తిప్పాడు. గాలి బుస్సుమంది. చక్రాలు కీచుమన్నాయి. ప్లాట్‌ఫాం చివర బండి ఆగింది.

తిరిగి చూశాడు. కుసుమ పిస్టల్‌ని ఒక బస్తా మీద పెట్టి, పక్కన కూర్చుని ఉంది.

నరసింహం ఫోన్ చేస్తే వచ్చిన పోలీసులు డెనిస్‌ని స్టేషన్ గేటు దగ్గర పట్టుకున్నారు. గమ్హరియా గోదాంలో బస్తాలు విప్పి, ద్రావణంలో వేసి చూస్తే గింజలన్నీ తెల్లగానే ఉండిపోయాయి. జీపు ఎక్కబోతూ కుసుమ ఒక్క మాటే అంది. "వ్యాన్‌లోవి ఎండలో పెట్టనివ్వకండి."

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు.

"సీడ్?"

"సేఫ్ సార్. వచ్చే వారం పంచుతారు."

"నీకు తెలియాలనే కొక్కెం వద్దందా, అలవాటుగా అనేసిందా?"

"అడిగాను సార్. తనకే తెలియదంది."

"సౌరభ్ ఇంటికి వెళ్లావా?"

"వెళ్లాను. వాళ్లకూ రెండెకరాల మెట్ట ఉంది."

"మొత్తానికి ఈ ఏడు పంట గ్యారంటీయేనా?"

నరసింహం ఆకాశం వైపు చూశాడు. జూన్ సగం గడిచింది. మబ్బు లేదు.

"మొలవడానికైనా ఒక వాన పడాలి సార్. అది మన డిపార్ట్‌మెంట్ కాదు."