జ్వరం తగ్గాక

"చివరిసారి అడుగుతున్నా. యాంటీబయాటిక్ రాస్తారా, ఇంకో డాక్టర్ని చూసుకోమంటారా?"

మైక్రోబయాలజీ లెక్చరర్ క్లాసులోకి అడుగు పెట్టేసరికి ఎవరో ఆవిడ బల్ల గుద్ది మరీ అరుస్తోంది. ఎదురుగా కూర్చున్న స్టూడెంట్ ముఖం పాలిపోయింది.

అతనికి ఒళ్ళు మండింది.

"చూడండమ్మా, ఓపీ పక్క బిల్డింగులో ఉంది. పైగా జలుబు వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ పనిచేసేది బాక్టీరియా మీద. అనవసరంగా మింగితే మందుకు లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. రేపు నిజంగా అవసరం పడినప్పుడు ఆ మందు పనిచేయదు!"

ఆవిడ బుద్ధిగా చేతులు కట్టుకుంది.

"బాగా చెప్పారు సార్. కానీ పేషెంటు ఈపాటికి లేచి వెళ్ళిపోయేది."

క్లాసంతా గొల్లుమంది.

ఆమె నాటకాల్లో నటి. మందు కావాలని పట్టుబట్టే రోగులతో ఎలా మాట్లాడాలో పిల్లలకు నేర్పడానికి ప్రిన్సిపాల్ పిలిపించారు. ఆ సంగతి అతనికి చెప్పడం మాత్రం మర్చిపోయారు.

ఆ తర్వాత ప్రతి వారం వచ్చేది. ఓసారి పిల్లాడికి జ్వరమని కంగారుపడే తల్లి. ఇంకోసారి పక్కింటివాళ్ళ దగ్గర మిగిలిన మాత్రలు మింగేసి వచ్చిన గుమస్తా. స్టూడెంట్లు 'పేషెంటక్క' అని పేరు పెట్టేశారు.

ఒకరోజు క్లాసయ్యాక ల్యాబ్‌లోకి తొంగి చూసింది. అతను బాక్టీరియా పెంచిన, మూత వేసిన గాజు ప్లేటును వెలుతురుకేసి పట్టుకుని ఉన్నాడు.

"ఈ తెల్ల బిళ్ళలో మందుంది. చుట్టూ ఖాళీగా ఉందా? అంటే మందు పనిచేసినట్టు."

"మరి ఇక్కడ బిళ్ళని ఆనుకుని పెరిగిపోయాయే?"

"అవి లొంగనివి."

"మొండివన్నమాట, మీలాగా."

"నేనేం చేశాను?"

"కాఫీకి రమ్మని ఎన్నిసార్లు అడిగాను?"

"ల్యాబ్ తాళాలు నా దగ్గరే ఉంటాయి కదా..." అని నసిగాడు.

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. వరండాలో చెప్పుల చప్పుడు వినపడినంతసేపూ అతను ప్లేటు కింద పెట్టలేదు.

అతనిది మేడ మీద ఒంటరి గది. సెలవు రోజుల్లో నోరు విప్పే పనే ఉండదు. మర్నాడు క్లాసులో గొంతు పెగలడానికి కాసేపు పట్టేది. ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి, "పదండి, కాఫీకి వెళ్దాం" అని అనుకుని చూశాడు. ఎవరో పరాయివాడు మాట్లాడినట్టనిపించి లైటు ఆర్పేశాడు.

ఆఖరి క్లాసు రోజు వాన. ఆమె తడిసిన శాలువా కప్పుకుని వచ్చి పేషెంటు కుర్చీలో కూర్చుంది. గొంతు బాగా బొంగురుపోయింది.

"మీకు యాంటీబయాటిక్ అవసరం లేదండీ," అంది డాక్టరు వేషంలో ఉన్న అమ్మాయి.

"తెలుసమ్మా. ఇంట్లో ఎవరూ లేరు. జ్వరం ఎక్కువైతే మంచినీళ్ళిచ్చే దిక్కు లేదు. ఆ మాత్ర తలగడ పక్కన ఉంటే ఎవరో తోడున్నట్టుంటుంది."

వెనక బెంచీ నుంచి చప్పట్లు మొదలయ్యాయి. అందరూ వెళ్ళిపోయినా ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"అద్భుతంగా చేశారు," అన్నాడతను దగ్గరికొచ్చి.

"చెయ్యలేదు సార్. నిజంగానే ఒళ్ళు కాలిపోతోంది."

అతనే ఓపీకి తీసుకెళ్ళాడు. డాక్టరు పరీక్షించి, వైరల్ జ్వరమే, యాంటీబయాటిక్ అక్కర్లేదన్నాడు. బయటికొచ్చాక ఆమె అతనికేసి కోపంగా చూసింది.

"సంతోషమేనా? మీ పాఠం నా ప్రాణం మీదికొచ్చింది."

అతనికి నవ్వు రాలేదు. ఇంటి దాకా గొడుగు పూర్తిగా ఆమె వైపే పట్టాడు.

మర్నాడు బ్రెడ్డుతో వెళ్ళాడు. ఆ మర్నాడు పండ్లతో. నీళ్ళు కాచాడు, జ్వరం చూశాడు. మిగతా సమయమంతా కిటికీ పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకున్నాడు. పెద్దగా మాట్లాడుకున్నదేమీ లేదు. అయినా ఆమె కునుకు తీసి లేచినప్పుడల్లా అతను అక్కడున్నాడో లేదో చూసుకునేది.

జ్వరం దానంతటదే తగ్గింది.

"ఇక మీకు శ్రమ ఉండదు. క్లాసులు కూడా అయిపోయాయిగా," అంది తలుపు దగ్గర.

"అవును," అన్నాడు. మెట్లు దిగాడు. వీధి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఇప్పుడు బయటికెళ్తే మళ్ళీ తన ఒంటరి గదే. వెనక్కి తిరిగి గబగబా మెట్లెక్కాడు. తట్టకముందే తలుపు తెరుచుకుంది.

"ఏమన్నా మర్చిపోయారా?"

"రేపూ రావాలనుంది. మీకు ఒంట్లో బాగున్నా కూడా. ఎల్లుండి కూడా... రోజూ."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"మీ అడుగుల చప్పుడు కింద ఆగిపోయింది. వెళ్ళిపోతారా, పైకి వస్తారా అని ఊపిరి బిగబట్టి ఇక్కడే నిలబడ్డాను. అంతసేపు ఆలోచిస్తారా ఎవరైనా?"

"నాకు మాట్లాడటం చేతకాదు."

"నేర్పిస్తాలెండి. లోపలికి రండి. ఇవాళ ఇద్దరికీ వండాను."