స్వహస్తం

క్షతదర్శిని నీలి కాంతి నూకరత్నం ఎడమ కనుబొమ్మ మీద నుంచి మోచేతి దాకా ఒకసారి పాకి ఆగింది. తెర మీద అక్షరాలు తేలాయి: "గాయాలు మూడు. పడి పన్నెండు గంటలు. కర్త: స్వహస్తం."

సాక్ష్య నర్సు ఎస్తేరు ఆ చివరి మాటను రెండోసారి చదివింది. ఆ దెబ్బలు నూకరత్నం తన చేత్తో తానే కొట్టుకున్నవని యంత్రం చెబుతోంది. ఆరు నెలల్లో ఇది మూడోసారి. మూడుసార్లు స్వహస్తం తేలిన మనిషిని ఊరి చివరి స్వస్థత గృహానికి పంపాలి. ఎన్నాళ్లుంచాలో అక్కడి వైద్యులు నిర్ణయిస్తారు. పంపడానికి రెండు అంగీకారాలు చాలు: ఒకటి భర్తది, ఒకటి నర్సుది.

కొత్తరేవు అభయ కేంద్రంలోకి ఆ యంత్రం వచ్చి తొమ్మిదేళ్లయింది. చర్మం మీద మిగిలిన కణాలు, దెబ్బ పడిన కోణం, వేళ్ల ఎముకల కొలత, ఈ మూడూ కలిపి కొట్టిన చేయి ఎవరిదో అది చెప్పేస్తుంది. కోర్టులో దాని మాటకు తిరుగులేదు. దానితోపాటే మౌన నిబంధన కూడా వచ్చింది. ఏం జరిగిందని గానీ, ఎవరు కొట్టారని గానీ బాధితురాలిని ఎవరూ అడగకూడదు. అడిగితే సాక్ష్యం చెడుతుంది, అడిగినవారి లైసెన్సు పోతుంది. ఆ నిబంధన వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఎస్తేరే. అంతకుముందు ఒక పిల్ల తనకు జరిగినదాన్ని నర్సులకు, ఎస్సైకి, వకీళ్లకు పదమూడుసార్లు చెప్పుకుంది. చివరిసారి చెబుతూ చెబుతూ మధ్యలో నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు విన్న తర్వాత ఎస్తేరు వారం రోజులు డ్యూటీకి రాలేకపోయింది.

అంగీకార పలక పట్టుకుని ఆమె బయటి గదిలోకి వెళ్లింది. నూకరత్నం భర్త వీరబాబు ఒళ్లో టిఫిను డబ్బాతో కూర్చుని ఉన్నాడు. రేవు దగ్గరి శీతల గిడ్డంగిలో మేస్త్రీ. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"స్వహస్తమేనా అండీ?"

ఎస్తేరు ఆగిపోయింది. ఫలితం లోపలి తెర మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

"మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలాండీ? ఎప్పుడూ అదే కదండీ. పాపం, దాని బుర్ర దాని చేతిలో లేదండి." అతని గొంతులో దిగులుంది. బొటనవేలు మాత్రం అప్పటికే పలక మీదికి చాపి ఉంది. "ఈరోజే పంపేత్తారా అండి?"

అతను ముద్ర వేశాడు. ఎస్తేరు తన ముద్ర వేయలేదు. కాగితాలు చూడాలని చెప్పి లోపలికి వచ్చి పాత నివేదికలు తెరిచింది. నిరుడు ఈ కేంద్రంలో స్వహస్తాలు ఆరు. ఈ ఏడాది, ఇంకా నాలుగు నెలలుండగానే, నలభై ఒకటి. సంరక్షకుడి ఉద్యోగం రాసే గడిలో ఇరవై ఏడు చోట్ల ఒకే పేరుంది: వీరబాబు పనిచేసే శీతల గిడ్డంగి.

ఊళ్లో ఆడవాళ్లంతా ఒక్కసారిగా తమను తాము కొట్టుకోవడం మొదలుపెట్టారా? లేక తన బుర్రే లేనిపోనివి అల్లుతోందా? తొమ్మిదేళ్లలో ఆ యంత్రం తప్పు చెప్పిన దాఖలా ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పంపే ముందు రక్తపోటు చూడాలి కాబట్టి పట్టీ తీసుకుని నూకరత్నం దగ్గరికి వెళ్లింది.

ఎడమ చేతికి గాయాలున్నాయని ఆమె కుడి చేయి ఎత్తింది. నూకరత్నం నొప్పికి పెదవి కొరుక్కుంది.

ఎస్తేరు పట్టీ పక్కన పెట్టి ఆ చేతి భుజాన్ని వేళ్లతో మెల్లగా తడిమింది. పైకి ఏ మచ్చా లేదు, కమిలిన జాడా లేదు. కానీ వెనకవైపు కండరం ముద్దలా వాచి ఉంది. కొట్టే చేయి ముందుకు పోతుంది. వెనకవైపు కండరం బెణికిందంటే ఆ చేతిని ఎవరో ముందుకు లాగుతుంటే ఈమె వెనక్కి లాక్కుందన్నమాట. చర్మం చిట్లని చోట క్షతదర్శినికి చూపు లేదు.

ఎస్తేరు గోడ దగ్గరికి నడిచి, గదిలో మాటలు కూడా వినే ఆ యంత్రాన్ని ఆపింది. తెర కారణం అడిగితే "శుభ్రపరచడానికి" అని రాసింది. తలుపు వేసి, స్టూలు దగ్గరగా లాక్కుని కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో ఒక్క క్షణం ఆమెకు తోచలేదు.

"ఏం జరిగింది, తల్లీ?"

నూకరత్నం తలెత్తి ఆమె వైపు చూసింది.

"మూడుసార్లొచ్చానండి," అంది. "మీరే కట్టు కట్టారండి మూడుసార్లూను. ఎప్పుడడుగుతారా అని చూశానండి."

ఎస్తేరు స్టూలు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"మచ్చ పడకుండా తడి తువ్వాలు చుట్టి నా మణికట్టు పట్టుకుంటాడండి. నా చేత్తోనే నన్ను కొట్టిత్తాడు. గిన్నె పెట్టి కూడా కొట్టిత్తాడు. 'చూడవే, నిన్ను నువ్వే కొట్టుకుంటున్నావ్, మిషనే చెప్పుద్ది' అంటాడండి. గిడ్డంగిలో అందరికీ తెలుసంట ఈ కిటుకు."

"మరి నువ్వెవరికీ చెప్పలేదా?"

"మా అక్కకి చెప్పానండి. మిషను అబద్ధమాడదు కదే అంది." ఆమె కుడి అరచేతిని తిప్పి చూసుకుంది. "రాత్రి నాకూ అనుమానం వచ్చిందండి. ఆడు నిజంగా పట్టుకున్నాడా, నేనే కొట్టుకున్నానా అని. పట్టుకున్నాడు కదండీ?"

"పట్టుకున్నాడు," అంది ఎస్తేరు. "నీ భుజం చెబుతోంది."

అప్పుడు ఏడ్చింది నూకరత్నం.

డాక్టర్ ఫణీంద్ర ఆ మధ్యాహ్నం నివేదిక చదివి కళ్లజోడు తీశారు. ఎస్తేరు దాన్ని చేత్తో రాసింది. భుజం బొమ్మ గీసి, వాపు ఎక్కడుందో గుర్తు పెట్టింది.

"అడిగావా ఎస్తేరూ?"

"అడిగానండి."

"అడగలేదని రాయొచ్చు. భుజం నీ పరీక్షలోనే బయటపడింది కదా. లైసెన్సు నిలబడుతుంది."

"ఆ అమ్మాయి చెప్పిన మాటలు ఎక్కడ రాయమంటారండీ అప్పుడు?"

ఆయన లేచారు. స్వయంగా వెళ్లి ఆ భుజాన్ని పరీక్షించి, నివేదిక కింద సంతకం చేశారు. వీరబాబు సాయంత్రం దాకా బయటి గదిలోనే ఉన్నాడు. పోలీసులు వచ్చినప్పుడు ఏ మాత్రం తొణకలేదు. "మిషన్నడగండి" అన్నాడు. నూకరత్నం ఆ రాత్రి కేంద్రంలోనే పడుకుంది. మర్నాడు అక్క వచ్చి, చెల్లెలి మొహం చూడలేక తలుపు దగ్గరే నిలబడిపోయింది.

నాలుగో రోజున ఎస్తేరు లైసెన్సు నిలిపేశారు. నెల తిరక్కుండా విచారణ మొదలైంది. గిడ్డంగిలో పదహారు మందిని పట్టుకున్నారు. చుట్టుపక్కల కేంద్రాలన్నీ పంపగా స్వస్థత గృహంలో ఉన్న ఇరవై ఇద్దరు ఆడవాళ్ల దగ్గర మళ్లీ వాంగ్మూలాలు తీసుకోవాలని కోర్టు చెప్పింది. విచారణాధికారిణి ఎస్తేరు ఇంటికి వచ్చింది.

"మీరు రావాలమ్మా. మా కింద పనిచేసే పిల్లలకు అడగడం రావడం లేదు. తొమ్మిదేళ్లుగా ఎవరూ ఎవరినీ అడగలేదు కదా."

స్వస్థత గృహం వరండాలో మొదట కూర్చున్నది కనకవల్లి. నలభై ఏళ్లుంటాయి. అక్కడికొచ్చి అయిదు నెలలయింది. ఆమె కుడి చేయి చీర పీలికతో నడుముకు గట్టిగా కట్టేసి ఉంది. కట్టింది తాము కాదు, ఆమే ఒంటి చేత్తో, పళ్లతో ముడి బిగించుకుంటుందని ఆయాలు చెప్పారు.

ఎస్తేరు పక్కన కూర్చుంది. తొందరపడలేదు. పేరు అడిగింది, పిల్లల గురించి అడిగింది. తర్వాత, ఏం జరిగిందని అడిగింది.

"నేనే కొట్టుకున్నానండి," అంది కనకవల్లి నెమ్మదిగా, ఏ తడబాటూ లేకుండా. "మా ఆయన మంచోడండి. ఆపాలని పట్టుకునేవాడు."

"తువ్వాలుతో పట్టుకునేవాడా?"

"ఆయ్. తడి తువ్వాలుతో." ఆమె ఆ మాటను తనే విన్నట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "ఆపాలనే పట్టుకునేవాడండి. మిషను మూడుసార్లు చెప్పింది కదా నేనేనని."

పీలిక బిగుతుకు ఆమె వేళ్లు నీలంగా ఉబ్బి ఉన్నాయి. ఎస్తేరు ముడి విప్పుదామని వంగి చేయి చాపింది. కనకవల్లి గబుక్కున వెనక్కి జరిగి గోడకు నొక్కుకుపోయింది.

"వద్దండి, దూరంగా ఉండండి," అంది. "మిమ్మల్ని కొట్టుద్ది."