పెంటమ్మ సూది

సూదిని నేరుగా చేతికి ఇస్తే నిజంగానే కొట్లాట వస్తుందా? ఈ అనుమానం రాజమల్లును ఇరవై నాలుగేళ్ళుగా వదల్లేదు.

అప్పుడతను తెలుగు కూలీల పేట కామాటిపురాలో, పదకొండో గల్లీ అద్దెగదుల చాల్‌లో కుర్రవాడు. ఒంటరిగా షిర్డీకి నడుస్తానని మొక్కుకుని బయలుదేరుతుంటే పక్కగది పెంటమ్మ సూదిలో ఇంత దారం ఎక్కించి తెచ్చి, గడప మీద పెట్టింది.

"పొక్కులొస్తె పన్కొస్తది. చేతికియ్యద్దు, కొట్లాటయితది. తీస్కో. మళ్ళ తెచ్చియ్యాలె."

తిరిగి రాగానే గూఢచారి శాఖ ఉద్యోగం అతన్ని ఎత్తుకుపోయింది. సూది మాత్రం చొక్కాలు మారినా అతని కాలర్‌లోనే ఉండిపోయింది. ఈ ఆచారం సంగతి తర్వాత ఇద్దరు పంతుళ్ళను అడిగాడు. ఒకాయన శనిదేవుడి పేరు చెప్పాడు, ఒకాయన నవ్వాడు. ఇద్దరికీ దండం పెట్టాడు గాని అనుమానం తీరలేదు.

ఇప్పుడు, సోమవారం పొద్దున, నాసిక్‌లోని ఒక లాడ్జి గదిలో చీఫ్ తుషార్ గోరంత చిప్‌ను అతని ముందు పెట్టాడు.

"నలభై ఒక్క పేర్లు. సరిహద్దు అవతల మన మనుషులు. 'బ్లాక్ హెరాన్' ముఠా వాళ్ళను వేటాడుతోంది. శుక్రవారం సాయంత్రం ఆరులోగా లిస్ట్ హెడ్‌క్వార్టర్స్‌కు చేరితే అందరినీ బయటికి లాగేస్తాం. ముందు ముఠాకు దొరికిందా, ఒక్కరూ మిగలరు."

"ఇక్కణ్ణుంచే పంపొచ్చుగా సార్?"

"నాసిక్ లైన్లన్నీ ట్యాప్ అయ్యాయి. రైళ్ళలో, టోల్‌గేట్లలో వాళ్ళ మనుషులున్నారు. షిర్డీ నుంచి కాలినడకన తిరిగొస్తున్న భక్తుణ్ణి ఎవడూ తేరిపార చూడడు. కామాటిపురాలో ఏజెంట్ ప్రతీక్ష గదిలో సెక్యూర్ లైన్ ఉంది. మీ చాల్ పిల్లే, ఫైల్ చూశాను. నేను కింద మారువేషంలో కాపలా ఉంటాను."

తర్వాత బూట్లు తీశాడు. "జెడ్-సెవెన్. మడమలో సీక్రెట్ చాంబర్, అడుగున ట్రాన్స్‌మిటర్. ఫీల్డ్ టెస్ట్ కూడా అయింది."

"ఏ ఫీల్డ్ సార్?"

"మా కారిడార్‌లో."

కార్పెట్ మీద నడిచిన ఆ మేధావుల బూటు ఇగత్‌పురి చేరేలోపే రాజమల్లు కుడి మడమను నమిలేసింది. నిమ్మకాయంత పొక్కు. టీ కొట్టు పొయ్యి మీద సూది కాల్చి, పొక్కును ఈ పక్క నుంచి ఆ పక్కకు గుచ్చి, దారం లోపలే ఉంచి కొనలు వదిలేశాడు. నీరు దారం వెంట జారిపోయింది. చర్మం ఊడలేదు.

కసారా ఘాట్‌లో కొండ దిగుడు మడమను చంపుతుంటే వీపు ముందుకు పెట్టి వెనకడుగులతో దిగాడు. లారీ డ్రైవర్లు ఈలలేశారు. వాన పడింది. ట్రాన్స్‌మిటర్ ఒక్కసారి తుమ్మి చచ్చింది. షహాపూర్‌లో బూట్లు విప్పి మెడలో వేసుకుని రబ్బరు చెప్పులు కొన్నాడు. చిప్‌ను పాలప్యాకెట్ ముక్కలో చుట్టి, మడమ మీది దూది కింద పెట్టి కట్టు కట్టాడు. కంపుకొట్టే కట్టు విప్పే మొనగాడు ఏ దేశంలోనూ ఉండడని అతని నమ్మకం.

అక్కణ్ణుంచి పాదం అంచు మీద నడక. అడుగుకొక సాయినామం. సర్కారు పని మీద చేసే నామస్మరణ బాబాకు చేరుతుందా? చేరకపోయినా నొప్పికి అడ్డుపడుతోంది, అది చాలు.

శుక్రవారం అయిదున్నర. కామాటిపురా పక్క ఫోరస్ రోడ్ మూలన తుషార్ కుల్ఫీ బండి పక్కన నిలబడి ఉన్నాడు. తలకు చిరుగు తువ్వాలు, కాళ్ళకు అద్దంలా మెరిసే నల్లబూట్లు. అతన్ని గుర్తుపట్టనివి బండి మీది ఈగలే.

చాల్ రెండో అంతస్తు, పెంటమ్మ గదికి పక్కదే. నారాయణపేట చీర, నడుము దాటే జడ, ఖరీదైన సెంటు. సినిమా పోస్టర్‌లోంచి దిగినట్టుంది ప్రతీక్ష.

"పాల్కీ ఎప్పుడు లేస్తది?" అంది.

"కాకడ హారతి అయినంక."

కోడ్ సరిపోయింది.

"అరె మామా, కాళ్ళు గిట్లయినయేంది! కూసో. నేను గీ చాల్లనే పుట్టిన, భూమయ్య బిడ్డని." తలుపు వేసి గడియ పెట్టింది. కట్టు వైపు చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తర్వాత నగల డబ్బాలాంటి పెట్టెలోంచి సూది తీసి ముద్దుగా చెయ్యి చాపింది. "పొక్కు గుచ్చుకో మామా."

సూది నేరుగా రాజమల్లు అరచేతిలోకి వచ్చింది.

అతను దాన్ని చూశాడు. ఈ చాల్‌లో పుట్టిన పిల్ల పట్టపగలు తలుపేసుకోదు. సూది చేతికి అంతకన్నా ఇవ్వదు.

"చిప్ ఏది?" అంది.

"బూటు మడమలో."

ఆమె చాంబర్ తెరిచింది. చిప్ తీసిన చోట అతను నింపిన చిటికెడు విభూతి గాలికి లేచి ఆమె ముఖాన పడింది. మరుక్షణం చేతిలో సైలెన్సర్ పిస్టల్. చాల్ భాష ఎగిరిపోయింది.

"అయిదు నిమిషాలు టైమిస్తున్నాను. చిప్ ఎక్కడ?"

"నీకు మీ ముఠావాళ్ళు భాష నేర్పినారు. బుద్ధి నేర్పలే," అన్నాడు రాజమల్లు. గదుల మధ్య గోడ ఉత్త ప్లైవుడ్. దాని మీద చెప్పుతో బాది అరిచాడు. "పెంటమ్మత్తా! నీ సూది తెచ్చిన!"

ఆమె చూపు గోడ వైపు తిరిగింది. ఆమె ఇచ్చిన సూదే ఆమె మణికట్టులో దిగింది. పిస్టల్ కిందపడింది. బయటి నుంచి తలుపుకు రెండు తన్నులు. గడియ ఊడింది.

పెంటమ్మ, ఆమె వెనక నడవాలోని ఆడవాళ్ళందరూ.

"ఎవడ్రా అది?... ఓరి రాజమల్లూ!"

"అత్తా, ఈమెను పట్టు! భూమయ్య బిడ్డనంటది!"

"భూమయ్యకు బిడ్డలేడున్నరు? పోయిన నెల కిరాయికొచ్చింది గీమె!" పారిపోబోతున్న ప్రతీక్ష జడ దొరకబుచ్చుకుంది పెంటమ్మ. జడ విగ్గుతో సహా చేతికొచ్చింది. "ఆయీ! గింత పొడుగు జడ దొంగదా!" మిగిలిన పని ఆడవాళ్ళు చూసుకున్నారు.

తుషార్ రొప్పుతూ వచ్చేసరికి అయిదు యాభై ఎనిమిది. రాజమల్లు కట్టు విప్పి చిప్ అందించాడు. చీఫ్ ముక్కు మూసుకుని రెండు వేళ్ళతో పట్టుకుని గదిలోని సెక్యూర్ లైన్ మెషిన్‌లో పెట్టాడు. ఆరుకు నాలుగు సెకన్లుందనగా స్క్రీన్ పచ్చబడింది. నలభై ఒక్కరూ బతికారు.

"జెడ్-సెవెన్ బాగా పనిచేసిందన్నమాట," అన్నాడు తుషార్.

రాజమల్లు కుంటుకుంటూ పక్కగదికి వెళ్ళి, కాలర్‌లోంచి పాత సూది తీసి గడప మీద పెట్టాడు. "ఆ మాట నిజమేనత్తా, చేతికిస్తే కొట్లాటయితది," అన్నాడు.

పెంటమ్మ సూది తీసుకుని వెలుతురుకు పెట్టి, బెజ్జంలోంచి అతన్ని చూసింది.

"దారమేదిరా?"

రాజమల్లు కాలెత్తాడు. మడమ పుండులోంచి రెండు కొనలు వేలాడుతున్నాయి.

"ఛీ," అంది పెంటమ్మ. "గా దారం నువ్వే ఉంచుకో."